సారు అడిగిన ‘నువ్వు’

మంగళారం పొద్దున దుకాణం షట్టర్ ఎత్తి, గిన్నెల మీది దుమ్ము దులుపుతుంటే ఫోన్ మోగింది. సారు ఇంటి పైపోర్షన్ల కిరాయికుండే బ్యాంకు మేడం. "అక్కా, సార్ ఎక్స్‌పైర్ అయ్యారు. పాలావిడ ఎంత కొట్టినా తలుపు తియ్యలేదంట" అన్నది. నాకు మొదలు సమజ్ కాలె. ఎక్స్‌పైర్ అయ్యేది దగ్గుమందు, బ్రెడ్డు ప్యాకెట్టు. మా సారు ఎట్ల అయితరు? చేతిల గుడ్డ పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఇంతల ఒకామె వచ్చి మూడు గిన్నెల టిఫిన్ డబ్బా ఉన్నదా అంటే తీసి కూడ ఇచ్చిన. ఆమె పోయినంక కుర్చీల కూలబడ్డ.

మా సారంటే హన్మకొండల నేను డిగ్రీ చదివినప్పుడు ఇంగ్లీషు చెప్పిన సారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల అప్పటికే మొదలుపెట్టిండ్రు: విద్యా శిఖరం, మహోన్నత మూర్తి, తీరని లోటు. సారు చూసుంటే కడుపుబ్బ నవ్వెటోళ్ళు. నేను రాసేది ఆ శిఖరం గురించి కాదు. సారు పోయిన యేడు నన్ను ఒక్కటి అడిగిండ్రు. సాయం కాదు, సామాను కాదు, ఒక్క మాట. నోట్లెకెల్లి ఒక్క మాట తీసి ఇయ్యమన్నరు. నేను ఇయ్యలేకపోయిన. అది మీతోటి చెప్పుకోకపోతే నాకు అన్నం సైస్తలేదు.

ముందుగాల మా ఊరి సంగతి చెప్పాలె. మాది కేసముద్రం. మా బాపుకు మార్కెట్ యార్డు ముందల, రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండె. మా ఇంట్ల బాపును నువ్వంటం, తాతను నువ్వంటం, దండం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి నువ్వంటం. దుకాణానికి ఎంత పెద్దమనిషి వచ్చినా "సేటూ, నువ్వు జర కూసో, చాయ్ తాగుదువు" అంటం. అండ్ల మర్యాద ఏం తక్కువ లేదు. ఉన్న మర్యాదంత ఆ ‘సేటూ’ల పెట్టి, ఇగ మిగిలినదాంట్ల మనిషిని దగ్గరికి గుంజుకునుడే.

గట్లాంటి ఇంట్లకెల్లి వచ్చి డిగ్రీ క్లాసుల కూసున్న. మొదటి రోజు సారు బోర్డు మీద ఏందో రాసి గబగబ చెప్పుకుంట పోతున్నరు. నాకు ఒక్క ముక్క అందుతలేదు. లేచి నిలవడి, "సారూ, నువ్వు జర మెల్లగ చెప్తవా?" అన్న.

క్లాసంత గొల్లుమన్నది. సిటీల చదివిన ఆడివిల్లలు దుపట్టాలు నోట్ల కుక్కుకొని నవ్విండ్రు. నాకైతే ఎందుకు నవ్వుతున్నరో కూడ తెల్వలె.

సారు నవ్వలె. సుద్దముక్క చేతిల తిప్పుకుంట నన్నే చూసిండ్రు, పోయిందనుకున్న వస్తువు కండ్ల పడ్డట్టు. బోర్డు మీద రాసిందంత తుడిచేసి ‘దౌ’ అని ఒకటి, ‘యూ’ అని ఒకటి ఇంగ్లీషుల పెద్దగ రాసిండ్రు. "ఈ బిడ్డ నన్ను దౌ అన్నది. ఇంగ్లీషోళ్ళు తమ సార్లను ఇట్ల పిలిచి ఎన్ని తరాలైందో" అన్నరు.

"వెయ్యేండ్ల కింద వాళ్ళకు గూడ నువ్వు ఉండె. ఈ దౌనే అప్పుడు ఎట్ల పలికెటోళ్ళో ఎరుకేనా? థూ."

ఇగ ఆగుతరా! వెనక బెంచీల పిలగాండ్లు ఒకల మీద ఒకలు థూ థూ అని ఉమ్మినట్టు చేసిండ్రు. సారు నవ్వనిచ్చిండ్రు. నవ్వు సల్లారినంక అన్నరు: "బజార్ల ఉర్దూల ‘తూ’ అంటరు గదా, ఆ తూ. సంస్కృతంల త్వం. ఇంగ్లీషోళ్ళ థూ. మూడు ఒక్క కడుపున పుట్టినయే. ఒకటి తిరిగి తిరిగి మన బజారుకు వచ్చింది, ఒకటి పడవలెక్కి సలి సముద్రం దాటి వాళ్ళ దీవికి పోయింది."

"మరి ఏమైంది సార్ ఆ థూ?" అని ఎవరో అడిగిండ్రు.

"మర్యాద ఎక్కువై సచ్చిపోయింది" అన్నరు సారు.

తర్వాత ఆ కథంత చెప్పిండ్రు. యూ అంటే మొదట్ల పదిమందిని కలిపి పిలిచే మాటనంట, మన ‘మీరు’ లెక్క. ఫ్రెంచి మాట్లాడే రాజులు వచ్చి కూసున్నంక దర్బారుల ఒక్క మనిషిని కూడ పదిమంది లెక్క పిలుసుడు మొదలైంది. ముందుగాల రాజును, తర్వాత దొరను, తర్వాత దొర గుర్రాన్ని చూసుకునేటోన్ని. ఎవర్ని తక్కువ చేసినట్టైతదో అని భయపడి భయపడి, కొన్ని వందల ఏండ్లకు అందరు అందర్నీ యూ అనుడు పట్టిండ్రు. కన్నబిడ్డను యూ, కుక్కను యూ. పాత మాట ప్రార్థనల మిగిలింది, ఎక్కడనో దూరం పల్లెల ముసలోళ్ళ నోట్ల మిగిలింది. "మీరంత యూ అంటే నువ్వు అనుకుంటున్నరు. కాదు, అది మీరు. ఇంగ్లీషోనికి నువ్వు లేదు, పాపం" అన్నరు.

ఆ పాపం అన్న తీరు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. నేను తలెత్తుకొని కూసున్న ఆ పూట.

కాని ఆ సంబురం తెల్లారే దాక కూడ నిలవలె. నా ముచ్చట స్టాఫ్ రూముకు చేరింది. ఇంకో లెక్చరర్ నన్ను పిలిపించి, ఆరుగురి ముందల నిలవెట్టి, "ఏం, ఆయన నీ మేనమామనా? ‘మీరు చెప్పండి సార్’ అను. ఇంకోసారి అను. గట్టిగ" అన్నడు. అనిపించిండు, పదిసార్లు. మా సారు ఆ పీరియడుల వేరే క్లాసుల ఉండిండ్రు. ఆయనను చూసి నేర్చుకోవాల్సింది పోయి, ఈయన నాకు మర్యాద నేర్పిండట! నేను హాస్టల్‌కు పోయి బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిన. ముప్ఫై ఏండ్లు దాటింది, ఆ మనిషి మీద కోపం నాకు ఇంకా పోలె. ఆ దినంకెల్లి నా నోట్ల నువ్వు అనేది కుట్టేసినట్టైంది. ఎవర్ని చూసినా మీరే.

ఇంగ్లీషు భాష ఎట్ల పుట్టింది, ఎట్ల పెరిగింది అనే పేపరు ఎవరికీ నచ్చకపోయేది. గైడు కొనుక్కొని గట్టెక్కుదామనేటోళ్ళే అందరు. సారు మటుకు దాన్ని మన ఇంటి ముచ్చట లెక్క చెప్పెటోళ్ళు. ఒకసారి నా పక్కన పిల్ల దవాఖాన అన్నదని ఎవరో ఎక్కిరిస్తే సారు పుస్తకం మూసేసిండ్రు. "ఇంగ్లీషోళ్ళ కోర్టు, జడ్జి ఎవరియనుకున్నరు? ఫ్రెంచోళ్ళయి. అమ్మ, అయ్య, ఇల్లు, నీళ్ళు, రొట్టె, ఇవి వాళ్ళ సొంతయి. మనకు నిజాం జమానాల వకీలు, జమానతు, దవాఖాన వచ్చినట్టే. రాజు ఒక భాషల హుకుం ఇస్తుంటే పొలంల ఇంకో భాష మాట్లాడుకున్నోళ్ళు వాళ్ళు గూడ. ఆ పొలం భాషనే ఇయ్యాల మీకు పరీక్ష పెడుతున్నది. మరి మీరెందుకు సిగ్గువడుతున్నరు?" అన్నరు. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. దవాఖాననే అంటది.

సారు అంగీ జేబు ఎప్పుడు తెల్లగ సుద్ద పట్టి ఉండేది. పీరియడ్ అయిపోతే బోర్డు తానే తుడిచెటోళ్ళు, మూలలు కూడ ఇడవకుంట. చాయ్ సాసర్ల పోసుకొని తాగి, కప్పుల మిగిలింది సల్లారిందని ఇడిచిపెట్టెటోళ్ళు. ఆదివారం చర్చికి అమ్మను స్కూటర్ మీద తోలుకపోయెటోళ్ళు. అమ్మంటే సారు భార్య. వాళ్ళకు పిల్లలు లేరు.

డిగ్రీ అయినంక నాకు లగ్గమైంది. అత్తగారిది వరంగల్ బజార్ల స్టీలు సామాన్ల దుకాణం. ఇగ చూడుండ్రి, ఆ స్టాఫ్ రూముల నేర్పిన విద్య నాకు ఈడ అక్కరకొచ్చింది. రండి మేడం, కూర్చోండి సార్, ఇది చూడండి, అది పట్టుకొని చూడండి. మా ఆయన మామూలుగనే మాట్లాడుతడు, గిరాకి నా దగ్గరికే వస్తది. మా అత్తమ్మ "నీ నోరు బంగారం బిడ్డా" అని మురిసేది. నాకు ఎన్నడు ఆ మురిపెం అంటలె.

ఆరేండ్ల కింద సారు ఇంట్ల అమ్మ, ఆయన భార్య, పోయింది. నెల తర్వాత ఒక మధ్యాహ్నం సారు మా దుకాణం మెట్లెక్కిండ్రు. చేతిల గుడ్డ సంచి. నన్ను చూసి గుర్తుపట్టి, "నువ్వు కేసముద్రం బిడ్డవు గదా" అన్నరు. చిన్న కుక్కర్ కావాలన్నరు. ఉన్నదాంట్ల చిన్నది తీసి పెట్టిన.

"ఇద్దరికి సరిపోతది సార్."

"ఒక్కరికి ఉండదా?"

"ఒక్కరికి చెయ్యరు సార్."

సారు కుక్కర్ మూత తీసి లోపలికి చూసిండ్రు. "చెయ్యరా. సరే తియ్" అన్నరు. సంచిల పెట్టిచ్చి, మెట్లు దిగేదాక చూసి, లోపలికి పోయి మొఖం కడుక్కున్న.

అప్పటికెల్లి ప్రతి గురువారం మధ్యాహ్నం సారు వచ్చెటోళ్ళు. గిరాకి ఉండని యాళ్ళ అది. కౌంటర్ పక్కన స్టూలు మీద కూసునెటోళ్ళు. ఒక దినం చాకు చేతిల పట్టుకొని "క్నీఫ్" అన్నరు. మా అత్తమ్మ లోపటికెల్లి తొంగిచూసింది. "వెనకట గట్లనే పలికెటోళ్ళు బిడ్డా. మన పిల్లలు క్నైఫ్ అంటే నవ్వుతరు గని, తప్పేం లేదు, జర ఆలస్యంగ పుట్టిండ్రు. పలుకుడు మానిండ్రు, రాసుడు మానలె. సచ్చిపోయినోళ్ళ పేరు రేషన్ కార్డుల ఉంచినట్టు" అన్నరు. మా ఆయన ఆ మాట బజారంత చెప్పుకొని తిరిగిండు.

నవ్విచ్చెటోళ్ళు గని మనిషి ఎండిపోతున్నరు. అంగీ భుజాల మీద వేలాడేది. తింటున్నరా సార్ అంటే, "స్టార్వ్ అయితున్న బిడ్డా" అనెటోళ్ళు. నేను గాబరా పడితే, "ఆ మాటకు వెనకటి అర్థం ఉత్త సచ్చిపోవుడే. రాను రాను ఆకలికి మటుకే మిగిలింది. మాటలు గూడ మన లెక్కనే, ముసలితనంల చిన్న అర్రల సదురుకుంటయి" అని మల్లా నవ్వు. నేను డబ్బాల పప్పు, కూర కట్టిచ్చేదాన్ని. వచ్చే గురువారం డబ్బా కడిగి, తుడిచి తెచ్చిచ్చెటోళ్ళు.

పోయిన యేడు వానకాలం ధర్మసాగర్‌ల ఉండే సారు అక్క పోయింది. తొంభైకి దగ్గరామె. రెండు గురువారాలు సారు రాలె. మూడో వారం వచ్చి స్టూలు మీద కూసున్నరు. చాయ్ తెప్పిస్తే సాసర్ల పోసుకోలె.

"మా అక్క రోజు పొద్దుగాల ఫోన్ చేసేది బిడ్డా. ‘ఏంరా, తిన్నవా?’ అనేది. తిన్న అంటే పెట్టేసేది. గంతే ముచ్చట. ఇరవై యేండ్లు గదే ముచ్చట."

నేను చాయ్ కప్పు సారు ముందటికి జరిపిన.

"ఇంగ్లీషోళ్ళు నువ్వును ఎట్ల పోగొట్టుకున్నరని మీకు రాజులు, దర్బారులు అని చెప్పిన గదా. అదంత పుస్తకం సంగతి. ఇంట్ల ఎట్ల పోయి ఉంటదో నాకిప్పుడు ఎరుకైంది. ఒక్కో ఇంట్ల ఆ మాట అనే ఆఖరు మనిషి పోయి ఉంటది. ఆ దినం ఆ ఇంట్ల మాట బందు. మా ఇంట్ల మొన్న బందైంది." సారు కప్పు పక్కకు పెట్టిండ్రు. "ఇప్పుడందరు నన్ను సార్, మీరు. డాక్టరు మీరంటడు, చర్చిల అయ్యగారు మీరంటడు. బండి మీద కూరగాయలమ్మే ఆమె గూడ టీవీలు చూసి ‘తీసుకోండి సార్’ అంటున్నది. ఇంగ్లీషులనే బతుకుతున్న బిడ్డా, అందరు యూ అనేటోళ్ళే."

తర్వాత నా దిక్కు తిరిగి, అడిగేదానికి సిగ్గువడ్డట్టు, "ఆ మొదటి రోజు క్లాసుల అన్నవు సూడు. గట్ల ఒకసారి అను" అన్నరు.

ఎంత పని చెప్పుండ్రి. ఒక్క మాట. నేను "సారూ, ను..." అన్న. స్టాఫ్ రూముల ఆరు మొఖాలు కండ్ల ముందటికొచ్చినయ్. అప్పుడే గడప దగ్గర ఎవరో నిలవడితే గబుక్కున లేచి "రండి మేడం, రండి" అన్న. ఆమె గ్లాసులు చూసి పోయేసరికి సారు లేచి సంచి భుజానికేసుకున్నరు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. తొందరేం లేదు" అన్నరు.

తొందరేం లేదంట! డెబ్భై తొమ్మిదేండ్ల మనిషి.

ఆ తెల్లారికెల్లి రోజు పొద్దుగాల నేనే ఫోన్ చేసుడు పెట్టుకున్న. వాళ్ళ అక్క చేసే యాళ్ళకే. నంబరు కలిపే ముందు స్టీలు గంగాళంల నా మొఖం చూసుకుంట తిన్నవా, తిన్నవా అని అనుకునేదాన్ని. సారు హలో అనంగనే "సార్, తిన్న..." అని ఆగేదాన్ని. అటు సారు కూడ ఊపిరి బిగవట్టినట్టు అయ్యేది. నాకు ఇనపడేది ఆ ఆగుడు. "...రా?" అనేదాన్ని.

"తిన్న బిడ్డా" అనెటోళ్ళు. ఒకసారి మటుకు నవ్వి, "ఒక్క అక్షరమే గదా తేడా" అన్నరు. ఆ దినం నన్ను నేను ఎంత తిట్టుకున్ననో. కన్నబాపును అన్న నోరే గదా ఇది, తాతను అన్న నోరే గదా. సారుకు అనేటందుకు ఏమొచ్చింది దీనికి? మా ఆయన ఇది చూసి, "గంత బాధైతే అనెయ్యరాదు" అన్నడు. అనేదే అయితే అనకపోదునా!

నెల కింద సారు నాలుగు దినాలు దవాఖానల పడ్డరు. గుండె నీరసం అన్నరు. నేను జావ కాసి తీస్కపోయిన. చెంచాతోటి తాగిపిస్తుంటే కిటికీ దిక్కు చూసుకుంట అన్నరు, "దేవుడొక్కడున్నడు బిడ్డా, నేను నువ్వు అనేటోడు. ఎప్పుడు నేననుడే. ఆయన నన్నేమంటడో ఇనపడదు."

నేను చెంచా గిన్నెల పెట్టి సారు చెయ్యి పట్టుకున్న. అప్పుడు అనాల్సింది. అర్రల ఎవరు లేరు, నవ్వేటోళ్ళు లేరు. నర్సు కూడ బయటికి పోయింది. "ఇంకో రెండు చెంచాలు తాగండి సార్" అన్న.

సారు బుద్ధిగ నోరు తెరిచిండ్రు.

ఇంటికొచ్చినంక మంచిగనే ఉన్నరు. సోమవారం పొద్దున కూడ ఫోన్ల తిన్న అన్నరు. మంగళారం నేను నంబరు కలపక ముందే ఆ బ్యాంకు మేడం ఫోన్ వచ్చింది.

మా ఆడోళ్ళు బొందల గడ్డకు పోరు. సారును మట్టి చేసే దినం అత్తమ్మ అడ్డం నిలవడి, "మనోళ్ళు పోతరా గక్కడికి?" అన్నది. పోత అత్తమ్మా అని చెప్పులేసుకున్న. ఆమె నా మొఖం చూసి పక్కకు జరిగి, "నీళ్ళ సీసా పట్టుకపో, ఎండున్నది" అన్నది. ఆటోల కూసొని తొవ్వపొంటి ఒక్కటే అనుకుంట పోయిన. పో సారూ. నిమ్మలంగ పో. నువ్వు పో. ఆటో అతను అద్దంల నన్ను చూసి, ఏడుస్తున్ననని ముందటికి తిరిగిండు. నోరు తిరుగుతున్నది. ఈసారి అంట, ఇయ్యాల అనకుంటే ఇగ ఎన్నడంట అనుకున్న.

సమాధుల తోటల నలభై మంది దాక ఉన్నరు. అయ్యగారు ప్రార్థన చేసిండు. పాత విద్యార్థులు ఇద్దరు మాట్లాడిండ్రు, మీరు మాకు దారి చూపారు, మీరు మాలో జీవించే ఉంటారు అని. పెట్టెను తాళ్ళతోటి దించిండ్రు. ఒక్కొక్కరు పిడికెడు మట్టి తీసుకొని వరుసల పోతున్నరు. నేను కూడ తీసుకున్న. మట్టి తడిగ, సల్లగ ఉన్నది. నా ముందటాయన వేసి పక్కకు జరిగిండు. నేను గుంత అంచుకు పోయి వంగిన. కింద చెక్క మీద ఎవరియో బంతిపూలు. నోరు తెరిచిన.

దుకాణం నడిపేటోళ్ళకు ఒక మాట ఉంటది. సామాను కట్టి చేతిల పెట్టినంక, మనిషి గడప దాటుతుంటే అనేది. రోజుకు యాభైసార్లు, ముప్ఫై ఏండ్లు. దాన్ని మనం అనం, నోరే అంటది.

మట్టి ఇడిసిన. చెక్క మీద చప్పుడైంది.

"మళ్ళీ రండి సార్" అన్న.

నా వెనకాల నిలవడ్డాయన ఉలిక్కిపడి నన్ను చూసిండు. నోరే అన్నా అది నా మనసుల మాటేనని ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెల్వక, మట్టి చేతులు రెండు ముందటికి పట్టుకొని అట్లనే నిలవడ్డ.